నూట ఎనభై జంటలు

లిస్టు అడిగిన మేనకోడలికి

మా అన్నయ్య కూతురు శిరీషకి ఈమధ్యే దెందులూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా పోస్టింగ్ వచ్చింది. ఆర్డరు చేతికి రాగానే స్వీటు పొట్లం పట్టుకుని ఏలూరులో మా ఇంటికొచ్చింది. నేను కాఫీ కలిపేలోపే వచ్చిన పని బయటపెట్టేసింది.

"అత్తా, నీ దగ్గర ప్రెపోజిషన్ల లిస్టు ఉందట కదా. అదోసారి ఇవ్వవా, జెరాక్సు తీయించుకుని మళ్ళీ ఇచ్చేస్తాను."

"నీకెవరు చెప్పారే?"

"మా స్కూల్లో సైన్సు మేడమ్ నీ స్టూడెంటేనట. ఇప్పటికీ మొత్తం అప్పజెప్పేస్తుంది. డిపెండ్ ఆన్, లిజన్ టు, కన్సిస్ట్ ఆఫ్ అంటూ మొదలెట్టిందంటే ఆగదు. స్టాఫ్ రూములో అందరం నోళ్ళు తెరుచుకుని విన్నాం."

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. లిస్టు లేదనీ, ఎప్పుడో చింపేశాననీ చెప్పాను. శిరీష నమ్మలేదు. అత్త దాచుకుంటోందని దాని మొహమే చెప్పింది. రిటైరైన టీచర్లు పాత నోట్సుల్ని నగల్లా బీరువాలో పెట్టి తాళం వేస్తారని దాని నమ్మకం. కాఫీ తాగి, కాస్త ముభావంగానే బస్సెక్కింది.

ఆ అలక తీర్చడానికే ఇది రాయడం మొదలుపెట్టాను. కొత్తగా ఇంగ్లీషు చెప్పబోతున్న మిగతావాళ్ళకీ పనికొస్తే మంచిదే. ఇంక్రిమెంట్లు, ట్రాన్స్‌ఫర్లు, సర్వీసు రిజిస్టరు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు ఇందులో ఉండవు. అవి అందరికీ ఉన్నవే. ముప్ఫయ్యేళ్ళకి పైగా నేను చేసిన పని నిజానికి ఏమిటో, అందులో ఎక్కడ బోల్తాపడ్డానో మాత్రం చెబుతాను.

గూడెంలో ఉదయాలు

నా మొదటి ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. ఆ పేరు మొత్తం పలికే ఓపిక మా వైపు ఎవరికీ ఉండదు, గూడెం అంటే చాలు. పొద్దున్నే ఏలూరులో పాసింజరెక్కి, ఒళ్ళో టిఫిను డబ్బా, చేతిలో పేపర్ల కట్టతో వెళ్ళేదాన్ని. సీటు దొరికిన రోజు నాలుగు పేపర్లు దిద్దేదాన్ని, దొరకని రోజు తలుపు పక్కన నిలబడి చేలు చూసేదాన్ని. ఆ చేల పచ్చదనం తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

అక్కడి హెడ్మాస్టరు సుబ్బారాయుడుగారు. ఆయన అసలు లెక్కల మాస్టారు. ఇంగ్లీషులో పిల్లలు ఎక్కడ తప్పుతున్నారని నన్ను అడిగారు. ప్రెపోజిషన్ల దగ్గరండీ అన్నాను. అంటే ఎట్, ఆన్, టు, ఫర్ లాంటి బుల్లి మాటలు. మన కి, తో, మీద, నుంచి లాంటివే, కాకపోతే మనవి మాట చివర అంటుకుంటాయి, వాళ్ళవి ముందొస్తాయి. ఏ క్రియ పక్కన ఏది రావాలో పిల్లలకి తోచదు. ఆయన వెంటనే ఉపాయం చెప్పారు.

"దీనికింత బాధెందుకమ్మా? ఎక్కాలు ఎలా నేర్పుతున్నాం? ఇవీ అలాగే నేర్పుదాం. క్రియా, దాని జోడూ. జంటలు అందాం."

అలా పుట్టాయి జంటలు. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు అయ్యాక ఒక పిల్ల ముందుకొచ్చి క్రియ చెప్పేది. స్కూలంతా ఒక్క గొంతుతో జోడు చెప్పేది. "డిపెండ్!" అంటే "ఆన్!" "లిజన్!" అంటే "టు!" గోడ అవతల ఉల్లిపాయల బస్తాలు దించే హమాలీలు ఉండేవాళ్ళు. నెల తిరిగేసరికి వాళ్ళకీ వచ్చేశాయి. ఒకరోజు ముందున్న పిల్ల "కన్సిస్ట్!" అనగానే, మా వాళ్ళకంటే ముందే గోడ అవతల నుంచి "ఆఫ్!" అని వినపడింది. పిల్లలు ప్రతిజ్ఞ తప్పు చదివినా నవ్వని సుబ్బారాయుడుగారు ఆరోజు నవ్వారు.

మా నాన్న పౌరోహిత్యం చేసేవారు. మా ఇంట్లో వల్లె వేయడం మంచినీళ్ళు తాగినంత మామూలు. అందుకే ఆ పద్ధతి నాకు తెగ నచ్చేసింది. అరవై జంటలతో మొదలైన లిస్టుని నేను నూట ఎనభై దాకా పెంచాను. అక్షర క్రమంలో పెట్టి, వరస నంబర్లు వేసి, స్టెన్సిల్ కోసి కాపీలు తీయించాను. చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లు వచ్చి పట్టుకెళ్ళారు. జిల్లాలో ఏ ట్రైనింగుకి వెళ్ళినా "మీరేనా అండీ జంటల టీచరు?" అని అడిగేవాళ్ళు. అవునండీ అనడంలో నాకు ఎంత గర్వం ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడను.

సుబ్బారాయుడుగారు మంచివారు, ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. క్రియని ఒంటరిగా నేర్చుకోకూడదు, దాని జోడుతో కలిపి ఒకే ఊపిరిలో నేర్చుకోవాలి. ఈ మాట నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. రెండో సగంలోనే ఉంది ప్రమాదం. ఒక క్రియకి ఒకే జోడు, ఇంకోటి రాస్తే తప్పు అనేవారు ఆయన. ఏడు ఎనిమిదులు ఎప్పుడూ యాభై ఆరే కదా! లెక్కల మాస్టారు అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఇంగ్లీషు టీచర్ని, నేనెందుకు ఒప్పుకున్నానంటే, దిద్దడం సులువు కాబట్టి. లిస్టులో ఉంటే టిక్కు, లేకపోతే ఇంటూ. రైలు తలుపు పక్కన నిలబడి కూడా దిద్దేయొచ్చు.

మనకీ ఉన్నాయి

ఇక్కడ శిరీషకి ఒక పాఠం చెప్పి ముందుకెళతాను. ఇది నేను సర్వీసులో సగం దాటాకగాని గ్రహించలేదు.

మూడేళ్ళ పిల్లని చూడండి. నాన్నకి చెబుతుంది, నాన్నని అడుగుతుంది, నాన్నతో మాట్లాడుతుంది, నాన్న మీద అలుగుతుంది. నలుగురూ ఒకే నాన్న. "నాన్నతో అడిగాను" అని ఆ పిల్ల పొరపాటున కూడా అనదు. ఎవరు నేర్పారు? ఎవరూ లిస్టు ఇవ్వలేదు. ఇంట్లో రోజంతా వింటూ, తిట్లు తింటూ, ముద్దులు పెట్టించుకుంటూ నేర్చుకుంది. పైగా జోడు మారితే అర్థం మారుతుందనీ దానికి తెలుసు. అమ్మని కొట్టడం వేరు, అమ్మకి కొబ్బరికాయ కొట్టిపెట్టడం వేరు.

ఇంగ్లీషులో మనవాళ్ళు చేసే తప్పులు కూడా తెలివితక్కువతనం కాదు, తెలుగు బాగా రావడం వల్ల చేసేవే. దాని గురించి చర్చించాం కాబట్టి "డిస్కస్ అబౌట్" అంటాం. అతనితో పెళ్ళయింది కాబట్టి "మ్యారీడ్ విత్" అంటాం. ఇంటికి చేరాం కాబట్టి "రీచ్డ్ టు", వాడి మీద కోపం కాబట్టి "యాంగ్రీ ఆన్". ఈ నాలుగూ నేనూ అన్నాను. ఒకసారి ఏలూరులో ట్రైనింగులో నలభై మంది టీచర్ల ముందు నిలబడి, ప్రెపోజిషన్ల గురించి "డిస్కస్ అబౌట్" చేద్దామన్నాను. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే వాళ్ళూ అలాగే అంటారు. ఇంటికొచ్చి పడుకోబోతుంటే నాకే వెలిగింది. పక్కలో లేచి కూర్చున్నాను.

అందుకే పిల్ల తప్పు రాస్తే ముందు దాని తెలుగు ఏమిటో అడగండి. ఎర్ర పెన్ను తర్వాత తీయొచ్చు.

మేత బస్తా మీది ఇంగ్లీషు

నేను ఏలూరులో చెప్పిన చివరి పదిహేనేళ్ళూ లిస్టు లేదు. దాని బదులు సోమవారం సోమవారం ప్రతి పిల్లా ఒక ఇంగ్లీషు వాక్యం పట్టుకురావాలి. గైడులోంచీ పాఠంలోంచీ పనికిరాదు. ఎక్కడో నిజంగా ఎవరో వాడింది కావాలి. రొయ్యల మేత బస్తా మీద తేమ "నుంచి" కాపాడమని ఉంటుంది. మందు సీసా మీద పిల్లలకి దూరంగా ఉంచమని ఉంటుంది. స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం "మీదికి" వస్తోందో మైకులో చెబుతారు. క్రికెట్ కామెంటరీ సరేసరి, బంతి చుట్టూ ఎన్ని క్రియలు తిరుగుతాయో అన్ని జోళ్ళు. ఒక పిల్ల అయితే వాళ్ళ నాన్న చొక్కా కాలరు లోపలి లేబులు కత్తిరించి తెచ్చేసింది. ఆయన మర్నాడు స్కూలుకొచ్చి, "చొక్కా మొత్తం పంపిస్తే పోయేదేమోనండీ" అన్నాడు నవ్వుతూ.

వాక్యం బోర్డు మీద రాసేవాళ్ళం. ఎవరు ఎవరితో అన్నారు, ఎందుకన్నారు, ఆ బుల్లి మాట మారిస్తే ఏమవుతుంది అని మాట్లాడుకునేవాళ్ళం. ఒక్కోసారి నాకూ తెలిసేది కాదు. తెలియదు, చూసి చెబుతాను అనేదాన్ని. ఇప్పుడు ఫోన్లో అడిగితే క్షణంలో చెబుతుంది, మంచిదే. వాక్యం మాత్రం పిల్లలే తేవాలి. సంచిలోంచి తెచ్చుకున్న వాక్యాన్ని వాళ్ళు మరచిపోరు.

దీన్ని చూడటానికి వేరే స్కూళ్ళ టీచర్లు వచ్చేవాళ్ళు. మంచి ఐడియా అండీ, ఎక్కడ చదివారు అని అడిగేవాళ్ళు. ఎక్కడా చదవలేదు. నాకిది కొల్లేరు లంకలో పదో తరగతి పిల్ల నేర్పింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

లంక బడి

గూడెం తర్వాత నన్ను కొల్లేరులో ఒక లంక గ్రామానికి వేశారు. ఏలూరు నుంచి బస్సు, కొంత దూరం ఆటో, ఆ పైన వానాకాలమైతే పడవ. వెళ్ళేముందు ఏడ్చాను. వెళ్ళిన మొదటి శీతాకాలం చూశాక ఏడుపు మరచిపోయాను. పొద్దుటి మంచులో నీళ్ళ మీద గూడబాతులు బారులు తీరి కదులుతుంటే, ఆ పెద్ద సంచి ముక్కులు చూస్తూ రేవులో నిలబడిపోయేదాన్ని. ఫస్టు బెల్లు రేవు దాకా వినపడేది కాబట్టి సరిపోయింది.

ఆ బళ్ళోనూ జంటలు మొదలుపెట్టించాను. పిల్లలకి గట్టి గొంతులు, నీళ్ళ అవతలికి వినిపించేలా మాట్లాడటం వాళ్ళకి పుట్టుకతోనే అలవాటు. అసెంబ్లీలో వాళ్ళు జోడు చెబుతుంటే గట్టు మీది కొంగలు లేచిపోయేవి.

నాగవేణి వాళ్ళలో ఒకత్తె. సన్నగా, నల్లగా, రెండు జడలతో మూడో బెంచీలో కూర్చునేది. తండ్రి పోతురాజుకి ఒక పడవ ఉంది. చేపలు పడతాడు, చలికాలంలో పక్షుల్ని చూడటానికొచ్చేవాళ్ళని ఎక్కించుకుని తిప్పుతాడు. నూట ఎనభై జంటలూ తడుముకోకుండా చెప్పే పిల్లలు ఆ బళ్ళో ముగ్గురుంటే, అందులో నాగవేణి మొదటిది. ఆ పిల్లని పెద్ద చదువుకి పంపించాలని నేను లోలోపల అనుకుంటూ ఉండేదాన్ని.

అర మార్కు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకి ముందు ప్రీఫైనల్ పెడతాం. ఆ పేపరు నేనే తయారుచేశాను. ఖాళీలు పూరించమనే ప్రశ్నలో, ఆ లంక పిల్లలకి తెలిసిన సంగతిలా ఉంటుందని ఒక వాక్యం కల్పించాను. సరస్సులో పడవవాడు అవతలి పడవలో ఉన్న స్నేహితుణ్ణి పిలుస్తూ అరిచాడు. షౌటెడ్ తర్వాత ఖాళీ. లిస్టులో షౌట్ పక్కన ఎట్ ఉంది. నాగవేణి టు అని రాసింది. ఇంటూ కొట్టాను.

పేపర్లు పంచినరోజు ఆ పిల్ల లేచి నిలబడింది.

"టీచరుగారండీ, ఇందులో నాకు అర మార్కు రావాలండి."

"ఎందుకొస్తుంది? షౌట్ ఎట్. రోజూ అసెంబ్లీలో చెబుతూ మరచిపోయావా?"

"మరచిపోలేదండి. షౌట్ ఎట్ అంటే కోప్పడి, మీద అరవడమండి. ఇక్కడ వాడికి కోపం లేదండి. దూరంగా ఉన్నోడికి వినపడాలని కేకేశాడండి, అంతే. దానికి టు అండి."

క్లాసంతా నావైపు చూసింది. నాకు లోపల ఎక్కడో ఈ పిల్ల చెప్పేది సరైనదేమో అనిపించింది. అలా అనిపించినందుకే కోపం ఎక్కువైంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకావిడన్నారండి. మా పడవలో."

"ఓహో! మీ నాన్న పడవలో ఇంగ్లీషు కూడా చెబుతున్నారా? మరి బడెందుకు, టీచరెందుకు? రేపట్నుంచి అందరం పుస్తకాలు పారేసి పడవెక్కి కూర్చుందామా?"

పిల్లలు ఘొల్లుమన్నారు. నాగవేణి కూర్చుంది. సాయంత్రం బడి వదిలాక మిగతా పిల్లలు రేవు దాకా "పడవ ఇంగ్లీషు, పడవ ఇంగ్లీషు" అంటూ ఆ పిల్ల వెంటపడటం నేను వరండాలోంచి విన్నాను. ఆపలేదు.

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి పెద్ద డిక్షనరీ తీశాను. ఎట్ ఉంది, టు కూడా ఉంది. రెండిటి మధ్య తేడా అచ్చం నాగవేణి చెప్పినట్టే ఉంది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాను. మర్నాడు బడికెళ్ళేసరికి ఆ పిల్ల రాలేదు. నిజం చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. మొహం మొహం చూసుకునే పని తప్పిందనుకున్నాను. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

పది రోజులు గడిచాయి. హాల్ టికెట్లు వచ్చాయి. అందరూ సంతకాలు పెట్టి తీసుకున్నారు, ఒక్కటి మిగిలిపోయింది. లంక బడి హెడ్మాస్టరుగారు దాన్ని సొరుగులో పెడుతూ, "ఆ పిల్ల ఇంక రాదటండీ. చదువు మానేసిందట" అన్నారు.

రేవు దాటి

బడి వదలగానే రేవుకెళ్ళాను. పోతురాజు నన్ను చూసి తలగుడ్డ తీసి, దాంతో పడవ చెక్క మీది తడి తుడిచి కూర్చోమన్నాడు. నేనెందుకొచ్చానో అడగలేదు. గెడ వేస్తూ తనే చెప్పాడు.

"రెండు చలికాలాలు ఒకావిడొచ్చిందండి, పచ్చుల్ని లెక్కెట్టడానికి. మన దేశం మనిషి కాదండి. పొద్దుగూకులూ మా పడవలోనే ఉండేదండి. సెలవుల్లో పిల్ల కూడా ఒచ్చేదండి. ఇద్దరూ ఏదో ఒకటి మాట్టాడుకునేవోళ్ళండి. ఆవిడ పాఠాలేం చెప్పలేదండి, ఊరికే మాట్టాడేదంతే."

నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా ఊరికే ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళతో రోజంతా కూర్చోలేదు. ఈ పిల్ల రెండు చలికాలాలు కూర్చుంది. ఈర్ష్య కూడా కలిగింది.

నాగవేణి ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఇంట్లోంచి పీట తెచ్చి వేసింది.

"తప్పు నాదేనమ్మా. నీ జవాబు సరైనదే. డిక్షనరీలో చూశాను. అర మార్కు కలిపేశాను. రేపొచ్చి హాల్ టికెట్ తీసుకో" అన్నాను. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలవి.

"ఎక్కడ కలిపారండి?"

"మార్కుల రిజిస్టర్లో."

"అది ఎవరూ చూడరు కదండి."

"అయితే ఏమంటావు?"

"నన్ను క్లాసులో అన్నారండి. ఇది కూడా క్లాసులోనే చెప్పండి."

"ఏయ్! టీచరుగారితో మాట్టాడే పద్దతదేనా?" అని పోతురాజు గసిరాడు. పిల్ల తల వంచుకుంది కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత దూరం, బురదలో చీర కుచ్చెళ్ళు తడుపుకుంటూ, నా అంతట నేనొచ్చి తప్పొప్పుకుంటే షరతులు పెడుతుందా? "అంత పంతమైతే ఇంట్లోనే ఉండు" అనేసి వెళ్ళి పడవలో కూర్చున్నాను.

 తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక పోతురాజే మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏమనుకోకండి టీచరుగారండీ. దానికి చిన్నప్పట్నుంచీ పౌరుషమెక్కువండి."

"చదువు మానేసి ఏం చేస్తుంది?"

"చేపల చెరువుల కాడ పనికి పోతానంటందండి. ఇంకో చెయ్యి ఉంటే ఇంట్లో ఆసరానేనండి, కాదనకూడదు. కాపోతేనండి..." గెడ పైకి లాగి మళ్ళీ దించాడు. "రోజూ సందేళ మీ జంటలు ఒల్లించేదండి. నేనడిగేవోణ్ణి, అది చెప్పేది. నాకూ ఒచ్చేసినయ్యండి. డిపెండుకి ఆను. లిజనుకి టు. బిలాంగుకీ టు యే కదండి?"

"అవును పోతురాజూ. టు యే."

"ఈ పది రోజుల్నుంచీ ఇంట్లో ఎవరూ ఏం ఒల్లించట్లేదండి. ఇల్లు బోసిపోయినట్టుందండి."

నాకు చాలా సిగ్గేసింది. అక్షరం ముక్క రాని ఆ మనిషి, అర్థమైనా తెలియకుండా, కూతురి కోసం నా లిస్టు నోటికి నేర్చుకున్నాడు. నేను అర మార్కు దగ్గర, నలభై మంది పిల్లల ముందు నా మాట పోతుందన్న దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల అడిగింది న్యాయమే. నలుగురిలో చేసిన అవమానానికి ఇంటికెళ్ళి గుట్టుగా చెప్పే క్షమాపణ సరిపోదు. ఇది ఏ పుస్తకంలో చూసినా తెలిసేదే, నాకు పడవలో తెలిసింది.

రేవులో దిగుతూ, "రేపు మొదటి పీరియడుకి రమ్మను. ఆ పిల్ల అడిగినట్టే చెబుతాను" అన్నాను. పోతురాజు చెయ్యి అందించి దింపాడు.

మొదటి పీరియడు

మర్నాడు పొద్దున్న హెడ్మాస్టరుగారికి చెబితే ఆయన కుర్చీలోంచి లేచిపోయారు.

"వద్దండీ బాబూ! పిల్లల ముందు టీచరు తప్పొప్పుకుంటే ఇంకేమైనా ఉందా? ఇవాళ మీరు, రేపు లెక్కల మాస్టారు, ఎల్లుండి నేను. కావాలంటే పిల్లని ఇక్కడికి పిలిచి, మనిద్దరం మంచిగా నచ్చజెబుదాం."

"ఇక్కడ చెబితే చాలదండీ. నిన్న చెప్పి చూశాను."

ఆయన మంచాయనే. నా గౌరవం కోసమే వద్దన్నారు. నేను సుద్దముక్క తీసుకుని క్లాసుకెళ్ళాను.

నాగవేణి మూడో బెంచీలో ఉంది. పక్కనున్న పిల్లలు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు. నేను ఆ వాక్యం బోర్డు మీద రాశాను. ఖాళీలో టు అని నింపాను. 

"ఇది సరైన జవాబు. నాగవేణి రాసింది. నేను తప్పని కొట్టేశాను. ఆ సాయంత్రమే డిక్షనరీలో చూసి నాదే తప్పని తెలుసుకున్నాను, తెలిసి కూడా పది రోజులు ఊరుకున్నాను. వాళ్ళ నాన్నగారి పడవని ఎగతాళి చేశాను, మీ అందరిచేతా నవ్వించాను. అది అన్నిటికంటే పెద్ద తప్పు. నాగవేణీ, నన్ను క్షమించమ్మా."

 పిల్లలు తలలు వంచుకున్నారు. "పడవ ఇంగ్లీషు" అని వెంటపడిన వాళ్ళయితే బల్లల కిందికి దూరిపోయేలా ఉన్నారు. వాళ్ళనలా చూడలేక, పాఠం చివర అలవాటుగా అడిగే మాటే నా నోటికొచ్చింది.

"సరే. ఇంకెవరికైనా ఏమైనా సందేహాలున్నాయా? నా లిస్టులో ఇంకేమైనా తప్పులున్నాయా?"

టీచర్లు ఈ ప్రశ్న జవాబు కోసం అడగరు. ఎవరూ ఏమీ అనరని తెలిసే అడుగుతారు.

నాగవేణి లేచి నిలబడింది.

"ఉన్నాయండి. పదకొండు."

నోట్సులోంచి ఒక మడత కాగితం తీసింది. పడవలో ఆవిణ్ణి నా లిస్టు ఒకటో నంబరు నుంచి నూట ఎనభై దాకా ఒక్కోటీ అడిగిందట. పూర్తవడానికి రెండు చలికాలాలు పట్టిందట. ఎప్పుడు చూపించాలో తెలియక దాచుకుందట.

"త్రో ఎట్ అనుందండి మన లిస్టులో. కుక్కని కొట్టడానికి రాయి ఏస్తే ఎట్ అండి. ఆడుకుంటా బంతేస్తే టు అండి. అరైవ్ ఎట్ అనుందండి. ఊరికైతే ఇన్ కూడా వస్తదండి..."

"ఆగాగు. ముందుకొచ్చి బోర్డు మీద రాయి" అన్నాను. సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టి, వెళ్ళి మూడో బెంచీలో ఖాళీ అయిన చోట కూర్చున్నాను. పక్కపిల్ల దగ్గర పెన్సిలు అడిగి తీసుకున్నాను.

పదకొండిట్లో రెండు నాగవేణి పొరపాటు పడినవి. అవి కూర్చున్న చోటి నుంచే చెప్పాను, ఒప్పుకుంది. మిగిలిన తొమ్మిదీ నావి. పడవలో ఆవిడ అన్న వాక్యంతో సహా బోర్డు మీద రాసింది, వెనక బెంచీకి కనపడాలని పెద్ద అక్షరాలతో రాసింది. పిల్లలతోపాటు నేనూ దించుకున్నాను.

గంట కొట్టారు. నాగవేణి చేతులు దులుపుకుని నా దగ్గరకొచ్చి నిలబడింది.

"టీచరుగారండీ, నా హాల్ టికెట్ ఇప్పిస్తారాండి?"